కరెంటు పోతే ఫోన్లు మోగి చావకుండా: నోటిఫికేషన్ల బరువు దించే దారుల్లో ఏది ఎవరికి?

నెల్లూరు జిల్లా విడవలూరు పక్కన మా బావకు రొయ్యల గుంటలున్నాయి. చుట్టుపక్కల రైతులు కొందరు కలిసి అడిగితే నేనే ఒక చిన్న యాప్ కట్టిచ్చాను. ప్రతి గుంట గట్టు మీద ఒక పెట్టె ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ తిరుగుతోందో లేదో అది చెబుతుంది. ఏ పెట్టె ఆన్‌లైన్‌లో ఉంది, ఏ కాపలా మనిషి ఫోన్ అందుబాటులో ఉంది అన్నది కూడా పచ్చచుక్కలతో కనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఎండాకాలం ఒక రాత్రి రెండింటప్పుడు ఫీడర్ (గుంటలకు కరెంటు తెచ్చే లైను) పోయింది. పెట్టెలన్నీ ఒక్కసారే ఆఫ్‌లైన్. ప్రతి ఫోన్‌కూ ప్రతి పెట్టె గురించీ ఒక కబురు. పావుగంటకు కరెంటొచ్చింది, మళ్లీ అన్ని కబుర్లు. లైను నిలబడక ఇంకోసారి పోయి వచ్చింది. తెల్లారేసరికి బావ యాప్ శబ్దం మొత్తం ఆపేశాడు. రెండ్రోజుల తర్వాత వేకువన ఒక ఏరియేటర్ నిజంగానే ఆగిపోయింది. హెచ్చరిక వెళ్లింది, మోగలేదు. రొయ్యలు పైకి తేలడం కాపలా మనిషి కంట పడింది కాబట్టి గండం గడిచింది.

"ఏం బామ్మర్దీ, నువ్వు కట్టింది కాపలా కుక్కనా, ఊరకుక్కనా? దారిన పోయే ప్రతోడికీ మొరుగుతుంటే, దొంగొచ్చినప్పుడు ఎవురు లేస్తారు?" అన్నాడు.

తప్పు నాదే. ఆ తర్వాత ఏడాదిపాటు ఒక్కో దారీ మార్చి చూశాను. ఇలాంటిదే కడుతున్నవాళ్లకో, కొనబోతున్నవాళ్లకో పనికొస్తుందని ఆ పోలిక ఇక్కడ రాస్తున్నా. గుంటలే కానక్కర్లేదు. ఆటోల బుకింగ్ అయినా, ఆఫీసు ఫోన్లయినా లెక్క ఇదే.

ముందు బరువు ఎక్కడుందో చూడండి

చాలామంది మెసేజీలు ఎన్ని వెళ్తున్నాయని లెక్కేస్తారు. అసలు బరువు అక్కడ ఉండదు. 'ఉన్నాడు, లేడు' అని చెప్పడంలో ఉంటుంది. 2008లో ఫేస్‌బుక్ చాట్ మొదలైనప్పుడు దాన్ని కట్టిన ఇంజినీర్లు చెప్పిందీ ఇదే: మెసేజీ చేరవేయడం కంటే, ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో స్నేహితులందరికీ ఎప్పటికప్పుడు తెలియజేయడమే ఎక్కువ ఖర్చు. ఎందుకంటే అక్కడ లెక్క కూడికలో ఉండదు, గుణకారంలో ఉంటుంది. ఎన్ని మార్పులో, వాటిని ఎంతమంది చూస్తున్నారో, ఆ రెండూ హెచ్చవేయాలి.

300 పెట్టెలు, 120 ఫోన్లు అనుకుందాం. అందరికీ అన్నీ కనిపించేలా పెడితే ఒక్కసారి ఫీడర్ పోతే 36,000 కబుర్లు. కరెంటొస్తే మరో 36,000. ఇది అప్పుడప్పుడూ వచ్చేది. రోజూ ఉండే బాధ వేరే. మైపాడు వైపు గట్ల మీద సిగ్నల్ ఎలా ఉంటుందో అక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్కో పెట్టె రోజుకు 20 సార్లు తెగి అతుక్కుంటే 40 మార్పులు. అంటే రోజుకు 14,40,000 కబుర్లు. అందులో మనిషికి పనికొచ్చేవి పదో పరకో.

ఇదే నెట్‌వర్క్‌లో ఒక్కో పెట్టెను ముగ్గురే చూస్తే? యజమాని, కాపలా మనిషి, మెకానిక్. ఫీడర్ పోయినప్పుడు 36,000 కాస్తా 900 అవుతుంది. సర్వర్ మార్చలేదు, రూపాయి ఖర్చు లేదు. 'పెద్ద సర్వర్ తీసుకోండి సార్' అని ఎవరైనా అమ్మజూపితే, ఎవరు ఎవర్ని చూస్తున్నారో ఆ జాబితా ముందు అడగండి. నాకూ ఒకాయన అలాగే అమ్మజూపాడు. కొన్నాను కూడా. రెండు నెలలు దాని అద్దె కట్టాక గానీ కళ్లు తెరుచుకోలేదు.

స్థితి వేరు, హెచ్చరిక వేరు

ఏ దారి ఎంచుకున్నా మీ దగ్గరున్న కబుర్లను రెండు కుప్పలు పోయాలి. 'మూడో గుంట డీవో 5.1' అన్నది స్థితి. డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. తర్వాత 5.0 వస్తే పాతది చెత్తబుట్టలోకే. ఆఖరుది ఒక్కటి అందితే చాలు. 'మూడో గుంట ఏరియేటర్ ఆగింది' అన్నది హెచ్చరిక. అది ఆలస్యం కాకూడదు, తప్పిపోకూడదు. మొదటి కుప్పను ఎంతైనా నొక్కొచ్చు, కలపొచ్చు, పారేయొచ్చు. రెండోదాన్ని ముట్టుకోకూడదు. నేను రెంటినీ ఒకే గొట్టంలో పోశాను. కింద చెప్పే ప్రతి పోలికా ఈ విభజన మీదే నిలబడింది.

ఊరికే అడుగుతూ ఉండటమా, మారినప్పుడు చెప్పడమా?

ఫోన్ 30 సెకన్లకోసారి సర్వర్‌ని 'ఏమైనా మారిందా' అని అడగడం పాత పద్ధతి. అదంటే నవ్వుతారు గానీ లెక్క చూడండి. 120 ఫోన్లు రోజంతా అలా అడిగితే 3,45,600 అభ్యర్థనలు. ఇందాకటి 14,40,000 కంటే ఇదే నయం! పైగా కరెంటు పోయినా, తుపానొచ్చినా ఈ అంకె మారదు. సర్వర్ ఎప్పుడూ సెకనుకు నాలుగే మోస్తుంది. యాప్ తెరిచి ఉన్నప్పుడే అడిగేలా పెడితే, మనిషికి రోజుకో గంట చూస్తాడనుకున్నా 14,400తో సరి.

ఒంగోలు, టంగుటూరు, కనిగిరి పొగాకు వేలం ధరలు చూపించే పేజీ లాంటిది కట్టేవాళ్లకు నా సలహా ఇదే: అడిగే పద్ధతే చాలు, వేరేదాని జోలికి పోవద్దు. ధర నిమిషం ఆలస్యంగా కనిపిస్తే రైతుకు నష్టమేం లేదు. జవాబులో ఈట్యాగ్ (పేజీ మారిందో లేదో తేల్చే గుర్తు) పెట్టండి. మారకపోతే సర్వర్ 'మారలేదు' అని ఒక ముక్కలో తేల్చేస్తుంది.

కానీ తెర ఆపి పక్కన పెట్టిన ఫోన్ అలా అడగలేకపోతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి డోజ్ అనే నిద్ర ఉంది. ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆపి కదలకుండా పెడితే యాప్‌ల నెట్‌వర్క్ వాడకాన్ని ఫోనే కట్టేస్తుంది. వేకువన మూడింటికి దిండు పక్కనున్న ఫోన్ ఏమీ అడగదు. ఆక్సిజన్ పడిపోయేదేమో సరిగ్గా ఆ వేళకే. రాత్రంతా కిరణజన్య సంయోగ క్రియ ఉండదు, ఉన్న ఆక్సిజన్‌ని అన్నీ పీల్చుకుంటాయి, తెల్లవారుజామున నీళ్లలో అది అడుగంటుతుంది. కాబట్టి స్థితి చూపడానికి అడిగే పద్ధతి సరే, హెచ్చరికకు పనికిరాదు.

మారినప్పుడు సర్వరే చెప్పే పద్ధతి తీసుకుంటే దానికి కళ్లెం తప్పదు. ఆ కళ్లేల్లో ఏది ముందు వేయాలన్నదే అసలు ఎంపిక.

నా వరస ఇది. మొదట చూసేవాళ్లను తగ్గించడం, ఇందాక చెప్పాను. తర్వాత, చూస్తున్నప్పుడే చందా కట్టించడం. చందా అంటే డబ్బు కాదు, 'దీని కబుర్లు నాకు పంపు' అని అడగడం. వాట్సాప్ గమనించారా? మన పరిచయస్తులందరి పక్కనా పచ్చచుక్క కనపడదు. ఎవరి చాట్ తెరిస్తే వాళ్ల 'ఆన్‌లైన్' మాత్రమే కనిపిస్తుంది. చూడని మనిషి గురించి కబురు ఎందుకు? నేనూ అలాగే మార్చాను. గుంట పేరు మీద నొక్కితేనే దాని ప్రత్యక్ష అంకెలు మొదలవుతాయి, వెనక్కొస్తే ఆగిపోతాయి.

మూడోది 'పోయాడు' అని చెప్పే ముందు ఓపిక పట్టడం. ఇది చౌకలోకెల్లా చౌకైనది, అయినా ఎక్కువమంది వదిలేస్తారు. సిగ్నల్ పది సెకన్లు తెగి అతుక్కుంటే లోకానికి చెప్పక్కర్లేదు. 60 సెకన్లు ఆగి, అప్పటికీ రాకపోతేనే ఆఫ్‌లైన్ అనండి. రోజుకు 20 సార్లు తెగేవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే రాలిపోతాయి.

నాలుగోది వేగానికి హద్దు. ఇంటర్నెట్ ఫోన్లు కాల్స్ కలుపుకునే పద్ధతి ఎస్‌ఐపీ. ఎవరున్నారో చెప్పే దాని ప్రెజెన్స్ ప్రమాణం, 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3856 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు), ఒకరి స్థితి గురించి ఐదు సెకన్లకోసారి కంటే వేగంగా కబుర్లు పంపొద్దని అప్పుడే సిఫారసు చేసింది. ఇరవై ఏళ్ల నాటి మాట, ఇప్పటికీ బంగారం. మధ్యలో వచ్చిన మార్పులు మింగేసి ఆఖరుది మాత్రం పంపడమే.

ఐదోది మూట కట్టడం. పది గుంటల మార్పులు ఒకే సందేశంగా పంపడం. ఇది చివర పెట్టడానికి కారణముంది. మూట కట్టాలంటే ఆగాలి, ఆగితే హెచ్చరిక కూడా ఆ మూటలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. పైవన్నీ చేశాక దీని అవసరం నాకు ఒక్కచోటే పడింది: ఫీడర్ పోయినప్పుడు. ఒకే ఫీడర్ కింది పెట్టెలు నిమిషంలోపు గుంపుగా పోతే, విడివిడిగా కాకుండా 'ఫీడర్ పోయింది, 11 గుంటలు' అని ఒకే కబురు.

ఇంకొకటి కరెంటొచ్చాకే తెలుస్తుంది. 300 పెట్టెలు ఒకే సెకనులో సర్వర్ తలుపు తడతాయి. జాతర రోజు గుడి తలుపు తీసినట్టే. అది తట్టుకోలేక కొన్నిటిని తోసేస్తుంది, తోసేసినవి వెంటనే మళ్లీ వస్తాయి. పెట్టె ప్రోగ్రాంలోనే 0 నుంచి 90 సెకన్ల మధ్య ఏదో ఒక అంకె యాదృచ్ఛికంగా తీసుకుని అంతసేపు ఆగి కలవమని రాయాలి. విఫలమైతే తర్వాతి విరామం రెట్టింపు చేయాలి. పెట్టెలు కొనేటప్పుడు అమ్మేవాణ్ని ఇది అడగండి. తెల్లమొహం వేస్తే వేరే దుకాణం చూసుకోండి.

ఎంక్యూటీటీ, ఎక్స్‌ఎంపీపీ, ఎస్‌ఐపీ

ఈ మూడూ యంత్రాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే పద్ధతులు. పెట్టెలకైతే ఎంక్యూటీటీ. రెండో ఆలోచన వద్దు. 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే మరో ఇంజినీరుతో కలిసి, చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకు మీద గమనించడానికి దీన్ని తయారుచేశారు. ఉపగ్రహ లింకులో ప్రతి బైటుకూ ఖర్చే, అందుకే సందేశం ముందుండే తల భాగం రెండు బైట్లతోనే సరిపెట్టేలా కట్టారు. గట్టు మీది అంతంతమాత్రపు సిగ్నల్‌కు అది సరిగ్గా అతికింది. 'రిటైన్డ్' సందేశం అని ఒకటుంది. ఆఖరి విలువను బ్రోకర్ (మధ్యలో ఉండి కబుర్లు అందించే సర్వర్) దాచిపెట్టి, కొత్తగా చూడొచ్చినవాడికి వెంటనే ఇస్తుంది. స్థితికి కావలసింది అదేగా. 'విల్' అని ఇంకొకటి, అక్షరాలా వీలునామా. పెట్టె చెప్పాపెట్టకుండా పోతే దాని తరఫున బ్రోకరే ఆఫ్‌లైన్ ప్రకటిస్తుంది. కీప్ అలైవ్ సమయానికి (పెట్టె 'ఉన్నాను' అని చెప్పాల్సిన గడువు) ఒకటిన్నర రెట్లు చూసి అప్పుడు తేలుస్తుంది. 2019లో ప్రమాణమైన 5.0లో ఆ వీలునామాను ఇన్ని సెకన్లు ఆగి చదవమని చెప్పే వీలు కూడా వచ్చింది. నేను పైన చెప్పిన ఓపిక అన్నమాట, కోడు రాయకుండానే. పాత 3.1.1 మాత్రమే తెలిసిన పెట్టెలు ఇంకా అమ్ముతున్నారు, చూసి కొనండి.

మనుషుల మధ్య మాటలు, ఎవరున్నారో లేదో చూపడం ముఖ్యమైతే ఎక్స్‌ఎంపీపీ. 1999లో జెరమీ మిల్లర్ ప్రకటించిన జాబర్ నుంచి పుట్టింది. చందా పద్ధతి అందులో పుట్టుకతోనే ఉంది. నేను ఒప్పుకుంటేనే నా స్థితి మీకు కనపడుతుంది, అంటే చూసేవాళ్లను తగ్గించడం దాని స్వభావంలోనే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, ఒక మనిషి లాగిన్ కాగానే అతని స్థితి చందాదార్లందరికీ వెళ్తుంది, వాళ్లందరి స్థితీ అతనికి వస్తుంది. పరిచయాల జాబితా పెద్దదైతే ప్రతి లాగినూ చిన్న తుపానే. దీనికి 'క్లయింట్ స్టేట్ ఇండికేషన్' అనే పొడిగింపు ఉంది, ఎక్స్‌ఈపీ 0352. ఫోన్ తెర ఆపగానే 'నేను చూడటం లేదు' అని సర్వర్‌కు చెబుతుంది, సర్వర్ పచ్చచుక్కల కబుర్లు ఆపి పెట్టి అసలు మెసేజీలు మాత్రం పంపుతుంది. ఏ సర్వర్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఇది ఆన్ చేసి ఉందో లేదో మొట్టమొదట చూసుకోండి.

ఎస్‌ఐపీ గురించి రైతులకు అక్కర్లేదు గానీ చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లాంటి చోట్ల పనికొస్తుంది. టేబుల్ మీద ఐపీ ఫోన్లు, పక్కవాళ్లు మాట్లాడుతుంటే ఎర్రగా వెలిగే మీటలు ఉంటాయి కదా, వాటిని బీఎల్‌ఎఫ్ అంటారు. 40 ఫోన్లలో ప్రతిదాంట్లో మిగతా 39 మీటలూ పెడితే 1,560 చందాలు. ఒక ఫోన్ మోగి, ఎత్తి, పెట్టేస్తే మూడు మార్పులు, 117 కబుర్లు. పొద్దున పదింటికి లారీల కోసం అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తుంటే మీటలు ఎక్కడో ఒకచోట వెలుగుతాయి. మందు 2006 నుంచీ ఉంది: ఆర్‌ఎఫ్‌సీ 4662 ప్రకారం జాబితాకు ఒకే చందా. ఫోన్ సెట్టింగుల్లో దాని పేరు ఈవెంట్ లిస్ట్ బీఎల్‌ఎఫ్ అని ఉండొచ్చు. 1,560 చందాలు 40కి దిగుతాయి. ఆఫీసు ఫోన్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్‌లో 13వ వెర్షన్ నుంచీ ఈ సౌకర్యం ఉంది. దీనితోపాటు గుమస్తా ఫోన్‌లో యజమాని, గేటు, తూనిక, ఈ మూడు మీటలు తప్ప మిగతావి తీసేయండి. 39 మీటలు ఎవరు చూస్తారు చెప్పండి.

ఆఖరి అంగ: ఫోన్ నిద్ర లేపేదెవరు?

సర్వర్ ఎంత బాగా కట్టినా ఆండ్రాయిడ్ ఫోన్‌ను లేపేది మామూలుగా గూగుల్ వాళ్ల ఎఫ్‌సీఎం, నోటిఫికేషన్లు చేరవేసే సేవ. ఇక్కడి నియమాలు తెలియకే నేను దెబ్బతిన్నాను. ఫోన్ నెట్‌లో లేనప్పుడు దానికోసం గరిష్ఠంగా 100 సందేశాలు దాచిపెడతారు. అది దాటితే పాతవి మాత్రమే కాదు, దాచినవన్నీ పారేస్తారు. అంటే నూటికి మించి పనికిమాలిన 'ఆన్‌లైన్, ఆఫ్‌లైన్' కబుర్ల మధ్య ఒక్క అసలైన హెచ్చరిక ఉంటే అదీ వాటితోపాటే పోతుంది.

దీనికి విరుగుడు 'కొలాప్స్ కీ'. ఒకే కీ పెట్టిన సందేశాల్లో ఆఖరుదే మిగులుతుంది. స్థితికి ఇది దివ్యంగా పనిచేస్తుంది. ఒక ఫోన్‌కు ఏకకాలంలో నాలుగు కీలు మాత్రమే నిలుస్తాయి, కాబట్టి గుంటకో కీ పెట్టుకోకండి. మొత్తం స్థితికి ఒకటే పెట్టండి. ఇలా కుదించే సందేశాలు వరసగా 20 వరకు పోతాయి, ఆ తర్వాత మూడు నిమిషాలకొకటి చొప్పున వదులుతారు. హెచ్చరికలకు కొలాప్స్ కీ పెట్టొద్దు. హై ప్రయారిటీ వాటికి మాత్రమే ఇవ్వండి. అన్నింటికీ హై పెట్టి మనిషికి ఏమీ చూపించకపోతే వాటి స్థాయిని గూగులే దించేస్తుంది.

టీటీఎల్, అంటే సందేశం చెల్లే గడువు, అది కూడా చూడండి. ఏమీ చెప్పకపోతే నాలుగు వారాల దాకా దాచి పంపుతారు. ఆక్సిజన్ పడిపోయిందన్న కబురు మర్నాడు మధ్యాహ్నం అందితే ఏం లాభం, గుండె గుభేల్‌మనడం తప్ప. నేను పది నిమిషాలు పెట్టాను. ఆలోపు అందినట్టు జవాబు రాకపోతే సర్వర్ ఫోన్ కాల్‌కు మారుతుంది.

ఎస్ఎంఎస్ ఎప్పుడు? నెట్ లేనిచోట. కానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల తర్వాత డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల వేదికలో నమోదు, పంపేవాడి పేరు (హెడర్), మూస వాక్యం ముందే ఆమోదింపజేసుకోవాలి. ఆ పని తుపాను ముందురోజు అయ్యేది కాదు. తెలుగులో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరస్థానాలే, ఇంగ్లీషు లిపిలో 160. తెలుగులో గుణింతం, వత్తు కూడా స్థానాలు తింటాయి. 70 దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకీ డబ్బులే. 'గుంట 3 డీవో 2.8 మోటార్ ఆగింది' అన్నంత పొట్టిగా రాసుకుంటే తెలుగులోనే సరిపోతుంది. బావకు తెలుగులోనే కావాలన్నాడు. నిద్రమత్తులో ఇంగ్లీషు చదవడం తన వల్ల కాదట.

రాత్రిపూట వీటన్నిటికంటే వాయిస్ కాలే మేలు. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఒక్కో కాలూ ఒక లైను పట్టుకుంటుంది. అయినా మనిషి లేచేది దానికే. అందుకే ఏరియేటర్, డీవో 3 దిగువ, ఈ రెంటికే కాల్ ఉంచాను.

ప్రభుత్వం తుపాను హెచ్చరికలకు పరీక్షిస్తూ వచ్చిన సెల్ బ్రాడ్‌కాస్ట్ వేరే జాతి. టవర్ ఒక్కసారి అరుస్తుంది, కింద పది ఫోన్లున్నా పదివేలున్నా బరువు ఒకటే. మనలాంటివాళ్లకు అది దొరకదు. ఇక 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటిది వచ్చినప్పుడు టవర్లకే కరెంటు లేకపోతే పైన రాసినవేవీ పనిచేయవు. గట్టు మీద బ్యాటరీతో మోగే సైరన్ ఉండాలి, అది సర్వర్‌ని అడగకుండా నేరుగా పెట్టెతో మోగాలి. దానికైన ఖర్చు నా సర్వర్ ఒక నెల అద్దెకంటే తక్కువ.

మరి ఎవరికి ఏది?

పది, పదిహేను గుంటలు, ఐదారుగురు మనుషులైతే యాప్ కట్టొద్దు. వాట్సాప్ గ్రూపు, సైరన్, సిమ్‌తో కాల్ చేసే జీఎస్ఎం మాడ్యూల్ చాలు. గ్రూపులో 1,024 మంది పడతారు గానీ హెచ్చరికల గ్రూపులో అంతమందిని వేస్తే 'శుభోదయం' బొమ్మల కింద ఏరియేటర్ మునిగిపోతుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి.

మా లాగా వందల పెట్టెలు, వంద మంది దాకా ఉంటే ఒక ఎంక్యూటీటీ బ్రోకర్, తెర మీద చూపడానికి అడిగే పద్ధతి, హెచ్చరికలకు ఎఫ్‌సీఎం, ఆ పైన కాల్. మస్కీటో లాంటి ఉచిత బ్రోకర్ చిన్న సర్వర్ మీదే ఇంత బరువు మోస్తుంది. నేను కొన్న పెద్ద సర్వర్ వదిలేశాను.

వేలల్లో మనుషులు, మాటలు కూడా కావాలంటే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ ఒకటి నడపొచ్చు, దాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వగలిగితే. లేకపోతే నెలవారీ సేవ కొనుక్కోండి, కానీ ధర దేనికి లెక్కేస్తున్నారో చదవండి. మెసేజీకి ఇంత అంటే వాళ్ల లెక్కలో 'ఆన్‌లైన్' కబురు కూడా మెసేజేనా అని రాతపూర్వకంగా అడగండి.

ఏది పెట్టినా నెలకోసారి పగటిపూట, ముందే చెప్పి, మెయిన్ స్విచ్ దించి చూడండి. పోయిన నెల మేం దించితే బావ ఫోన్‌కు వచ్చినవి రెండే. 'ఫీడర్ పోయింది, 11 గుంటలు' అని ఒకటి, జనరేటర్ అందుకోని గుంట గురించి కాల్ ఒకటి. కాపలా మనిషి ఫోన్‌కు మాత్రం కాల్ వచ్చింది గానీ నోటిఫికేషన్ రాలేదు. చూస్తే బ్యాటరీ సేవర్ మా యాప్‌ని నిద్రపుచ్చేసింది. ఆ ఫోన్‌లో ఆ సెట్టింగు ఎక్కడ దాక్కుందో వెతకడానికి సాయంత్రమైంది.